మిగిలినవీ నిలవాలి

పేక జోలికి పోనివాళ్ళకైనా పదమూడు ముక్కలాట సంగతి ఎంతో కొంత తెలిసే ఉంటుంది. పెళ్ళివారి విడిదిలోనో, సంక్రాంతి సెలవుల్లోనో, దీపావళి రాత్రో ఎవరో ఒకరు చాప పరుస్తారు, ఇంకొకరు జేబులోంచి పేక తీస్తారు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మా వైపు కాలనీల్లో నల్లగొండ, ఖమ్మం, మహబూబ్‌నగర్, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి వచ్చి ఇల్లు కట్టుకున్నవాళ్ళు చాలామంది. ఊళ్ళో రచ్చబండ మీద ఆడిన ఆట ఇక్కడ డాబా మీదికి చేరింది. కొత్తపేటలో పండ్ల మార్కెట్ ఉన్నన్నాళ్ళూ, సరుకు దిగేదాకా లారీ నీడన కూర్చుని ముక్కలు వేసుకునేవాళ్ళు కనిపించేవారు.

ఇంత చుట్టరికం ఉన్నా పేకకు నట్టింట్లో చోటు దొరకలేదు. చైతన్యపురిలో ఉండే మా మేనత్తకు పదమూడు ముక్కలాటలో మా ఇంటిల్లిపాదిలో ఎదురు లేదు. ఎవరు ఏ ముక్క ఎత్తారో, ఏది పారేశారో ఆట ముగిసేదాకా గుర్తు పెట్టుకుంటుంది. చేతిలో జోకర్లు రెండు పడ్డా మొహంలో కనపడనివ్వదు. అంత ఆడే మనిషీ పేకను బీరువాలో చీరల కింద దాచి తాళం వేస్తుంది, మనవరాలి కంట పడకూడదని. ఆ తాళం వెనకాల ఉన్న భయం నాకు అర్థమవుతుంది. మన దగ్గర పేకతో కొంపలు మునిగిన కథలేని బంధువర్గం దొరకడం కష్టం.

ఆమె కోడలి చెల్లెలు డాలస్ నుంచి వస్తూ తెచ్చిన పెట్టె మాత్రం నేరుగా హాల్లోకి వచ్చింది. పేరు రమ్మీక్యూబ్. లోపల నూటారు బిళ్ళలు, నలుగురికి నాలుగు చిన్న స్టాండ్లు. బిళ్ళల మీద ఒకటి నుంచి పదమూడు దాకా అంకెలు. నలుపు, ఎరుపు, నీలం, నారింజ అని నాలుగు రంగులు. ప్రతి రంగులోనూ ప్రతి అంకే రెండేసిసార్లు. అవి నూటనాలుగు, పైన జోకర్లు రెండు. అత్త ఒక్క చూపులో పోల్చేసింది. "ఇది పేకనే గదా, గట్టి ముక్కలు జేసిన్రు" అంది.

ఆమె అన్నది అక్షరాలా నిజం. ఈ ఆటను కనిపెట్టిన ఎఫ్రాయిమ్ హెర్ట్‌జానో రొమేనియాలో పుట్టినవాడు. అక్కడ పేకాట మీద నిషేధం వచ్చినప్పుడు, ముక్కలు లేకుండా అదే ఆట ఎలా ఆడాలా అన్న ఆలోచనలోంచి బిళ్ళలు పుట్టాయని చెబుతారు. తరవాత ఆయన ఇజ్రాయెల్‌కు వలస వెళ్ళాడు. మొదటి సెట్లు అక్కడ ఇంటిల్లిపాదీ కలిసి చేత్తో చేసినవే. 1980లో జర్మనీలో ఏటా ఇచ్చే ఉత్తమ ఆట పురస్కారం, 'ష్పీల్ డెస్ యారెస్', దీనికే దక్కింది.

నిషేధాల సంగతి మనకూ కొత్త కాదు. సికింద్రాబాద్‌లో క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ అని ఒకటుండేది. అక్కడ రమ్మీ ఆడుతున్నారని పోలీసులు పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1967 నవంబరులో జస్టిస్ హిదాయతుల్లా రాసిన తీర్పు ఆ ఆటను మూడు ముక్కలాటతో ఒక గాట కట్టలేదు. పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలి, అందుకని రమ్మీలో అదృష్టం కంటే నేర్పే ఎక్కువ అంది. దేశంలో రమ్మీ గురించి ఎక్కడ వాదన జరిగినా లాయర్లు తీసేది మన జంటనగరాల ఈ కేసునే. అర్ధశతాబ్దం తరవాత ఆట ఫోన్లలోకి ఎక్కింది. 2017లో తెలంగాణ 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని ఆపేసింది. 2020లో ఆంధ్రప్రదేశ్ కూడా అదే దారి పట్టింది. 2025 ఆగస్టులో కేంద్రం చట్టం చేసి, దేశమంతటా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలకు తలుపు మూసింది. వీటిని నేను మనసారా సమర్థిస్తాను. ఫోన్‌లో ఆడేవాడికి ఎదురుగా మనిషే ఉండడు, ఇక చాలు లెమ్మనేవాడు అంతకన్నా ఉండడు.

నేను ఈ ఆట గురించి రాయడానికి కూర్చున్నది చట్టాల కోసం కాదు. ఇందులో ఒక నియమం ఉంది. పదమూడు ముక్కలాటలో లేనిది, ఎంత ఆలోచించినా తరగనిది. దాని దగ్గరికి వెళ్ళాలంటే ముందు ఆట ఎలా ఆడతారో చెప్పాలి.

బిళ్ళలన్నీ బోర్లించి కలుపుతారు. ఒక్కొక్కరు పద్నాలుగు తీసుకుని తమ స్టాండు మీద, ఎదుటివాళ్ళకు కనపడకుండా, నిలబెట్టుకుంటారు. మిగిలినవి పక్కన కుప్ప. కూర్చవలసినవి రెండు రకాలు. ఒకే అంకె మూడు రంగుల్లోనో నాలుగు రంగుల్లోనో ఉంటే అది సెట్టు. ఒకే రంగులో మూడు గానీ అంతకుమించి గానీ వరస అంకెలు ఉంటే అది సీక్వెన్స్. ఇంతవరకూ పేకాట తెలిసినవాళ్ళకు చెప్పే పని లేదు. ఒక్కచోట మాత్రం వాళ్ళే తడబడతారు. పేకలో ఆసు రెండుకు ముందూ వస్తుంది, రాజు తరవాతా వస్తుంది. ఇక్కడ పదమూడు తరవాత ఒకటి రాదు, వరస అక్కడితో ఆఖరు. మా అత్త దీన్ని ఇప్పటికీ ఒప్పుకోలేదు.

మొదటిసారి బల్ల మీద దించాలంటే మన చేతిలోవే కలిపి ముప్ఫై పాయింట్లు ఉండాలి. పదులు మూడు రంగులవి ఉంటే చాలు. తొమ్మిది, పది, పదకొండు ఒకే రంగులో ఉన్నా సరిగ్గా ముప్ఫై. ఒకటి, రెండు, మూడు ఉంటే ఆరే అవుతుంది, ఇంకా కూడబెట్టాలి. ఈ ముప్ఫై దించేదాకా బల్ల మీద ఉన్నవాటి మీద చెయ్యి వేసే హక్కు లేదు. పేకలో జోకరు లేని లైఫ్ ఒకటి పడందే మిగతావి లెక్కలోకి రావు కదా, ఆ జాతి నియమమే ఇది. కాకపోతే అక్కడ లైఫ్ మనల్ని మనం కాపాడుకోవడానికి. ఇక్కడ ముప్ఫై అందరి బల్లలోకి మన వాటా తెచ్చి పెట్టడానికి. మన సొంతం కొంత పెట్టాకే ఎదుటివాళ్ళు పెట్టినవి కదిపే అధికారం వస్తుంది. ఈ షరతు నాకు చాలా న్యాయంగా తోస్తుంది.

దించడానికి ఏమీ లేకపోతే కుప్పలోంచి ఒక బిళ్ళ తీసుకోవాలి, అంతటితో మన వంతు అయిపోతుంది. పారేయడం అనేది లేదు. పేకకూ దీనికీ ఇదే మొదటి పెద్ద తేడా. అక్కడ ఒకటి ఎత్తి ఒకటి పారేస్తాం, చేతిలో ఎప్పుడూ పదమూడే. అక్కరలేనిది కింద పడేస్తే దాని పీడ వదిలినట్టే. ఇక్కడ వచ్చిన బిళ్ళ వచ్చినట్టు స్టాండు మీద ఉండిపోతుంది. దానికి బల్ల మీద ఒక చోటు చూపించేదాకా మన బాధ్యతే. ఇస్తాంబుల్ కాఫీ కొట్లలో ఆడే ఓకే అనే ఆటకు బిళ్ళలు దాదాపు ఇవే. అందులో పారేసే పద్ధతి ఉంది, మనం పారేసింది పక్కవాడు ఎత్తుకోవచ్చు. అందుకే ఓకే బిళ్ళలతో ఆడినా పేకాటే. రమ్మీక్యూబ్ మాత్రం వేరే జాతి.

మొదట్లో అత్త పేకాట పద్ధతిలోనే కూర్చుంది. చేతిలో సెట్టు ఉన్నా దించదు. "ముందే పెడితే నా ముక్కలు అందరికీ తెలుస్తయి గదా" అని ఆమె వాదన. అన్నీ కుదిరాక ఒక్కసారే షో చెప్పాలని ఆమె ఎదురుచూపు. ఆలోపు మనవరాలు కుదిరింది కుదిరినట్టు దించేసి, స్టాండు ఖాళీ చేసుకుని కూర్చునేది. జీవితకాలం కట్టుకున్న నేర్పు ఇక్కడ అడ్డు పడుతుందని అత్తకు తెలియడానికి కొంత కాలం పట్టింది. దాచడంలో అసలు లాభం లేదని అనను. ఒకటి రెండు బిళ్ళలు వెనక పెట్టుకోవడం ఈ ఆటలోనూ తెలివైన పనే. అన్నీ దాచుకుంటే మాత్రం బల్ల పెరగదు. బల్ల పెరగకపోతే మనకూ దారులుండవు.

దారులంటే ఏమిటో ఒక వంతు దగ్గరగా చూస్తే తెలుస్తుంది. ఆ సాయంత్రం బల్ల మీద నీలం ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది వరసగా ఉన్నాయి. దాని పక్కన ఎనిమిదుల సెట్టు, ఎరుపు, నలుపు, నారింజ. అత్త చేతిలో మిగిలినవి రెండే, నలుపు తొమ్మిది, నలుపు పది. నలుపు ఎనిమిది ఉంటే వరస అవుతుంది. అది సెట్టులో ఉంది, తీస్తే సెట్టులో రెండే మిగిలి విరిగిపోతుంది. ఆమె కుప్ప వైపు చెయ్యి చాపింది. "నానమ్మా, ఆగు. నీలంల నాలుగున్నయి చూడు" అంది పిల్ల. అత్త చూసింది. ఇక నోటితో చెప్పే పని లేకపోయింది. నీలం వరస చివరినుంచి ఎనిమిదిని తీసింది, అక్కడ ఐదు, ఆరు, ఏడు మిగిలి నిలబడ్డాయి. దాన్ని తెచ్చి ఎనిమిదుల సెట్టులో పెట్టింది. నలుపు ఎనిమిదికి విడుదల దొరికింది. దాన్ని ఇవతలికి జరిపి పక్కన తన తొమ్మిది, పది పెట్టింది. బల్ల మీద రెండు కట్టలుండేవి మూడయ్యాయి. ఏదీ విరగలేదు, ఆమె స్టాండు ఖాళీ అయింది. ఆ రోజు నుంచి ఆమె ఆటే మారిపోయింది.

ఆ నియమం ఇదే. బల్ల మీదికి వచ్చిన బిళ్ళ ఎవరు పెట్టారన్నది ఎవరూ అడగరు. ఎవరైనా తమ వంతులో దాన్ని తీయవచ్చు, విడదీయవచ్చు, వేరే చోట కలపవచ్చు. షరతు ఒకటే. వంతు ముగిసేసరికి బల్ల మీద ఉన్న ప్రతి కట్టా సరైన సెట్టో సీక్వెన్సో అయి ఉండాలి, ఏ బిళ్ళా ఒంటరిగా మిగలకూడదు. పెట్టెలోని నిబంధనల ప్రకారం దీనికి ఒక్క నిమిషం గడువు. ఆలోపు సరిచేయలేకపోతే అన్నీ ఎక్కడివక్కడ పెట్టేయాలి, పైన జరిమానాగా మూడు బిళ్ళలు తీసుకోవాలి. ఇంట్లో పెద్దవాళ్ళతో ఆడేటప్పుడు గడువు సంగతి చూసీ చూడనట్టు పోతాం. ఎక్కడివక్కడ పెట్టడం మాత్రం ఎవరికీ తప్పదు.

కొత్తగా నేర్చుకునేవాళ్ళు తమ స్టాండునే చూస్తూ కూర్చుంటారు. చూడవలసింది బల్లను. నాలుగు అంతకుమించి ఉన్న సీక్వెన్సుల రెండు కొసలు, నాలుగు రంగులూ ఉన్న సెట్టులో ఏదో ఒకటి, ఇవి వదులుగా ఉన్న బిళ్ళలు. తీసినా మిగిలినవాటికి నష్టం లేదు. ఇంకో కిటుకు వరస మధ్యలో ఉంటుంది. బల్ల మీద ఎరుపు మూడు నుంచి ఏడు దాకా ఉంది, చేతిలో ఇంకో ఎరుపు ఐదుంది అనుకోండి. పేకాట కన్నుకు అది పనికిరాని ముక్క. ఇక్కడ వరసను నడిమికి విడదీసి ఒకవైపు మూడు, నాలుగు, ఐదు, ఇంకోవైపు ఐదు, ఆరు, ఏడు అని పెట్టేస్తే అయిపోయింది. ప్రతి అంకె రెండేసి ఎందుకు పెట్టారో అప్పుడు తెలుస్తుంది. జోకరుదీ ఇదే దారి. అది ఏ బిళ్ళ స్థానంలో ఉందో ఆ బిళ్ళ తెచ్చి పెట్టి జోకరును విడిపించవచ్చు, విడిపించినదాన్ని ఆ వంతులోనే ఇంకో కట్టలో వాడేయాలి. చేతిలో దాచుకోవడానికి లేదు. ఆట ముగిసేసరికి స్టాండు మీదే ఉండిపోతే ముప్ఫై పాయింట్లు నెత్తిన పడతాయి.

సుప్రీంకోర్టు మెచ్చుకున్న నేర్పు గుర్తుపెట్టుకోవడం, ఉంచుకోవడం, వదలడం. ఇక్కడ గుర్తుపెట్టుకోవలసింది తక్కువ. చాలావరకు కళ్ళెదుటే ఉంటుంది. కావలసింది ఇంకో నేర్పు. ఉన్నదాన్ని విప్పితే ఎక్కడ ఏం తగ్గుతుంది, ఆ తగ్గినచోట ఏది తెచ్చి పెట్టాలి అన్న లెక్క. ఈ లెక్క చాలా మందికి రాదు. చదరంగంలో ముందుచూపు నేర్పుతాం, పేకలో జ్ఞాపకం నేర్పుతాం. తీసుకున్న చోట లోటు పూడ్చడం నేర్పే ఆట నాకు తెలిసి ఇదొక్కటే. అందుకే పిల్లలున్న ప్రతి ఇంట్లో ఇది ఆడాలని నా కోరిక.

ఆడుతూ ఉంటే ఆ లెక్క ఆటలోనే ఆగదు. కొత్తపేట వైపు వెళ్ళినప్పుడల్లా నాకు పండ్ల మార్కెట్ గుర్తొస్తుంది. గడ్డిఅన్నారం మార్కెట్ అంటే వేసవిలో మామిడి, ఏడాది పొడుగునా బత్తాయి. నల్లగొండ రైతుకు అది సొంత చావడి. దాన్ని ఇక్కడినుంచి తీయాలన్న ఆలోచనలో తప్పు లేదు. లారీలతో ఆ రోడ్డు ఊపిరాడక పోయేది. ఆ స్థలంలో పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి వస్తుందంటే తూర్పు హైదరాబాద్ మొత్తానికి అవసరమైనదే. కానీ తీసినదాన్ని ఎక్కడ పెట్టారు, మిగిలినవాళ్ళు ఏమయ్యారు? కొహెడలో శాశ్వత మార్కెట్ అన్నారు. 2020 వేసవిలో అక్కడ వేసిన తాత్కాలిక షెడ్లు గాలివానకు కూలి మనుషులకు దెబ్బలు తగిలాయి. 2021లో హయత్‌నగర్ దాటాక బాటసింగారంలోని లాజిస్టిక్స్ పార్కులోకి మార్చారు. అక్కడ సౌకర్యాలు చాలవని వ్యాపారులు హైకోర్టుకు వెళ్ళారు. మార్కెట్ చుట్టూ బతికినవాళ్ళున్నారు. గంపలు అల్లేవాళ్ళు, గడ్డి అమ్మేవాళ్ళు, తెల్లవారుజామున చాయ్ బండి పెట్టేవాళ్ళు, మిగిలిపోయిన పళ్ళు తోపుడుబండి మీద దిల్‌సుఖ్‌నగర్ తిప్పేవాళ్ళు. వాళ్ళలో బాటసింగారం దాకా వెళ్ళగలిగినవాళ్ళు ఎందరు? వెళ్ళలేనివాళ్ళు రెండు బిళ్ళల సెట్టులా మిగిలారు. అలా మిగిల్చి వంతు ముగించడం మా హాల్లో పదేళ్ళ పిల్ల కూడా ఒప్పుకోదు.

ఊరు పెరిగేటప్పుడు మార్పు తప్పదనే వాదన నేనూ ఒప్పుకుంటాను. ఈ ఆటలో మార్చనివాడు ఎలాగూ గెలవడు. నేను పట్టుబట్టేది మారుస్తున్న వంతులోనే మిగిలినవాటినీ నిలబెట్టాలని, తరవాత చూద్దామని వదిలేయకూడదని. ఆటలో తరవాత అన్నది లేదు, నిమిషంలోపు బల్ల సరిగ్గా ఉండాలి. ఊరికి నిమిషం చాలదు. ఏడాది ఇవ్వండి, రెండేళ్ళివ్వండి, గడువంటూ ఒకటి ఉండనివ్వండి.

మా అత్త ఇప్పుడు రెండు ఆటలూ ఆడుతుంది. బీరువాలోని పేక అలాగే ఉంది. పండగకు తమ్ముళ్ళు వస్తే బయటికి తీస్తుంది, అప్పుడు మళ్ళీ ఆ పాత మొహమే, ఏమీ కనపడనివ్వని మొహం. బిళ్ళలతో కూర్చున్నప్పుడు మాత్రం పైకే మాట్లాడుతూ ఆడుతుంది. "ఇది ఇటు తీస్తే అది ఆడ పడుతది, గప్పుడు దీనికేం గావాలె?" అని తనకు తాను చెప్పుకుంటూ ఉంటే ఎదుటివాళ్ళం కూడా ఆమె లెక్కలో పడిపోతాం. ఆమె వంతుకు మేం దారి చెబుతాం, మా వంతుకు ఆమె. పోటీలో అలా చెప్పకూడదని తెలుసు, అయినా చెబుతాం. గెలిచినవాళ్ళకు మిగతావాళ్ళ స్టాండ్ల మీది పాయింట్లన్నీ కలిసి వస్తాయి, ఓడినవాళ్ళకు ఎవరివి వాళ్ళకు తరుగు. పిల్ల అవి ఒక నోటు పుస్తకంలో రాస్తుంది. కుప్ప అయిపోయినా ఎవరూ ఖాళీ చేయకపోతే, దించగలిగినంత దించాక ఎవరి స్టాండు మీద తక్కువ మిగిలితే వాళ్ళదే ఆట.

పెట్టె లేనివాళ్ళు కొనాలని లేదు. రెండు పేకలు చాలు. ఒక్కో పేకలో యాభై రెండు, రెండూ కలిపితే నూటనాలుగు, ఒక్కోదాంట్లోంచి ఒక్క జోకరు ఉంచుకుంటే నూటారు, లెక్క సరిపోతుంది. ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు నాలుగు రంగులవుతాయి. ఆసు ఒకటి, జాకీ పదకొండు, రాణి పన్నెండు, రాజు పదమూడు. పద్నాలుగు ముక్కలు చేతిలో పట్టుకోవడం పిల్లలకు కష్టం, నోటు పుస్తకం నిలబెట్టి దాని వెనక పరుచుకోమనండి. బల్ల కంటే నేల మేలు. చాప పెద్దది వేయండి, ఫ్యాను తగ్గించండి. వరసలు సాగుతాయి, నడిమికి విరుగుతాయి, జరపడానికి జాగా కావాలి. ఆసు రాజు తరవాత వస్తుందా రాదా అన్నది మొదటి ముక్క పంచకముందే తేల్చుకోండి.